కొన అరిగిన నత్త

కళ్లజోడు అద్దాల మీద 'హా' అని ఊది తుడుచుకోవడం నేను మానేసి చాలా కాలమైంది. ఎందుకు మానేశావని మా ఆవిడ అడిగితే, నీళ్లతో కడిగితేనే మరకలు పోతాయని చెబుతాను. అది అబద్ధం. అలా ఊదినప్పుడల్లా నాకు ఒక అరచెయ్యి, ఆ చేతిలో తలుపేసుకుని కూర్చున్న ఒక నత్త కనబడతాయి. ఇదేం పిచ్చి అంటారా? పిచ్చే. వినండి మరి.

పోయిన నెల గాజువాక అవతల ఒక కాలనీలో ఒక ముసలావిడ పోయింది. ఆవిడ బతికున్నంత కాలం ఆవిడ భర్త గురించి ఒక్క ముక్క కూడా రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆవిడకి చదువు రాదు. అయినా ఏ పుణ్యాత్ముడో చదివి వినిపిస్తాడేమోనని నా భయం. ఇప్పుడా భయం తీరింది. ఆయన పేరు మాత్రం రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు కూడా. పోర్టులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాణ్ణి నేను చూడలేదు. అందరికీ ఆయన బావ, ఆయనకీ అందరూ బావలే.

డెబ్భైల చివరి మాట ఇది. నేను గోదావరి జిల్లా నుంచి వచ్చి, పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గుమస్తాగా చేరాను. మద్దిలపాలెంలో రెండు గదుల వాటా. పక్క వాటాలో ఉండే నేవీ ఉద్యోగి బదిలీ మీద వెళ్లిపోతూ తన చేపల తొట్టిని నా నెత్తిన రుద్దిపోయాడు. ఇనప ఫ్రేములో అద్దాలు బిగించి, మూలలు పుట్టీతో మూసిన బరువైన తొట్టి అది. నాలుగు బంగారు చేపలు, ఆరు నల్ల మోలీలు, ఒక ఫైటరు చేప ఉండేవి. నేను మురిసిపోయాను. నెల తిరిగేసరికి అద్దాలన్నీ పాచి పట్టి పచ్చబడిపోయాయి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, "అందులో చేపలున్నాయా, గోంగూర పులుసుందా?" అంది.

నత్తలు వేస్తే పాచి అవే తినేస్తాయని ఆఫీసులో ఎవరో చెప్పారు. నత్తలు కావాలంటే గోడౌను వాచ్‌మన్‌ని అడగాలట. వెళ్లాను. గోడౌను గేటు పక్కన చెక్కపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. ఖాకీ చొక్కా. టోపీ తల మీద ఎప్పుడూ ఉండదు, మోకాలికి తగిలించి ఉంటుంది.

"రెండు నత్తలు కావాలండీ," అన్నాను.

"తినడానికా, పెంచడానికా?"

"పెంచడానికేనండీ. చేపల తొట్టిలోకి."

"ఏ నత్త కావాల?"

"ఏ నత్తేంటండీ, నత్త నత్తే కదా!"

ఆయన నన్ను కిందనుంచి మీదదాకా చూశాడు. "మీది గోదారేటి బావా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. మా అక్కని ఈయనకి ఎప్పుడిచ్చాం, బావా అంటాడేంటి అనుకున్నాను. ఈ ఊళ్లో మగాడు మగాడిని అలాగే పిలుస్తాడని అప్పటికింకా నాకు ఒంటబట్టలేదు.

"సూడు బావా. పెద్దది, గుండ్రంగా ఉంటాది సూడు, అది నీ తొట్టిలో మొక్కలన్నీ వారంలో మేసెత్తాది. దానికి తొట్టి సాలదు, వరిమడి కావాల. కోసుగా ఉండే సిన్నదుంటాది. అది పాచి తిని దాని మానాన్న అది బతుకుతాది. గుడ్లు కూడా ఎట్టదు, ఏకంగా పిల్లల్నే కంటాది. నీకది కావాల," అన్నాడు. ఆ తర్వాత మొదలయ్యాయి ప్రశ్నలు. మీ ఇంట్లో నీల్లేటి, కుళాయా, నుయ్యా? కుళాయైతే ఒకరోజు బిందెలో నిలవుంచి పోత్తన్నావా? తొట్టి మీద మూతున్నాదా? ఎండ ఏ పక్కనించి వత్తాది? ఇంట్లో తొందరెక్కువ ఎవులికి?

ఆ చివరి ప్రశ్న ఎందుకండీ అన్నాను. "తొందరోడికి నత్త పనికిరాదు బావా," అన్నాడు నింపాదిగా.

పైగా ఇల్లు చూడనిదే ఇవ్వడట. ఆదివారం పొద్దున్న సిటీబస్సులో వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ వేస్తే కూర్చోకుండా తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. చూసి చూసి లేచి, "ఇవ్వను," అన్నాడు. ఎందుకండీ అంటే, ఫైటరు చేపని చూపించాడు. అది నత్త మీసాలు కొరికేస్తుందట. మా ఆవిడ తలుపు చాటునుంచి, "మా నాన్న నన్నివ్వడానికి వచ్చినప్పుడు కూడా ఇన్ని చూడలేదు," అని గొణిగింది. ఆయన విన్నాడు. "అదే తప్పు సేసినాడమ్మా మీ నాన్న," అన్నాడు. మా ఆవిడ ముందు బిత్తరపోయి, తర్వాత పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి ఆయన ఆవిడకి అన్నయ్యగారు. ఫైటరు చేప ఎదురింటికి వెళ్లిపోయింది.

మరుసటి వారం వెడల్పు మూతి గాజుసీసాలో ఏడు నత్తలు తెచ్చి, అందులో మూడు ఏరాడు. ఆ ఏరడం చూడాలి! తడి తువ్వాలు మీద ఏడింటినీ వరసగా పెట్టాడు. ఒక్కొక్కటీ ముడుచుకుని, మూతి దగ్గరున్న గోధుమరంగు పలకతో బిగించేసుకుని ఉంది. దాన్ని ఆయన తలుపనే అనేవాడు. ఒక నత్తని అరచేతిలోకి తీసుకుని, మమ్మల్ని మాట్లాడొద్దని సైగ చేసి, దాని తలుపు మీద ఒక్కసారి 'హా' అని ఊదాడు. ఇక కదలడు. మేం చూస్తున్నాం. కాసేపటికి తలుపు వెంట్రుకవాసి జరిగింది. ముందు ఒక మీసం, తర్వాత రెండోది బయటికొచ్చాయి.

"తలుపు తట్టకూడదు బావా. ఊదాల. బయట మనిసున్నాడని దానికి తెలవాల," అన్నాడు.

కుడి మీసం పొట్టిగా, లావుగా ఉంటే మగది. రెండూ సమానంగా ఉంటే ఆడది. రెండు ఆడవి, ఒక మగది మా తొట్టిలోకి దించాడు. ఆకుపచ్చ డిప్ప మీద మూడు నల్ల చారలు, కొన మాత్రం అరిగి సున్నంలా తెల్లగా ఉంది. నేను కొన విరిగిందేమో అన్నాను. విరగలేదు, వాళ్ల ఊరి చెరువు నీళ్లలో పుట్టిన ప్రతి నత్తకీ కొన అలాగే అరిగిపోతుందట. "నీ తొట్టిలో పుట్టబోయేవోల్లకి సూడు, సూదిలాగుంటాది," అన్నాడు. అలాగే పుట్టాయి కూడా. వరిగింజంత పిల్లలు, సూదిమొనల్లాంటి కొనలు. ఆ సంగతి నేను గుర్తు పెట్టుకుని ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

అప్పటినుంచి నెలకో ఆదివారం వచ్చేవాడు. గుమ్మంలోకి రాగానే ఒకటే మాట, "అందరూ కులాసాయేనా?" మొదట్లో మా ఆవిడ అది తననే అనుకుని, "కులాసానే అన్నయ్యగారూ, మీరెలా ఉన్నారు?" అనేది. ఆయన అడిగేది తొట్టిని. గొంతుక్కూర్చుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకునేవాడు. జేబురుమాల్లోంచి ఉడకబెట్టిన పాలకూర ఆకు తీసి నీళ్లలో వదిలేవాడు. డిప్పలు గట్టిపడాలని గుడ్డుపెంకు నలిపి వేసేవాడు. మేం ఇచ్చే టీ తప్ప ఇంకేదీ ముట్టేవాడు కాదు. అద్దం మీద ఎవరైనా వేలితో తడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. "నీ గోడ మీద ఎవడైనా సుత్తెట్టి కొడితే ఎలగుంటాది?" అనేవాడు. తెచ్చిన మూడింటిలో ఏదైనా చచ్చిపోతే ఆ ఖాళీ డిప్పని కడిగి, తుడిచి, రుమాల్లో చుట్టుకుని పట్టుకుపోయేవాడు. మూడేళ్లలో మూడూ అలాగే వెళ్లిపోయాయి. అప్పటికి వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు కలిపి పద్నాలుగు ఉన్నాయి.

నాకది చాదస్తం అనిపించేది. ఆఫీసులో ఆయన్ని అనుకరించి నలుగుర్నీ నవ్వించేవాణ్ణి. చెప్పుకుంటే సిగ్గుచేటు.

ఒక వానాకాలం మధ్యాహ్నం, సరుకు దింపడం ఆగిపోయి, నేను ఆయనతో పాటు గోడౌను అరుగు మీద ఇరుక్కుపోయాను. ఎదురుగా గుంటలో వాననీళ్లు నిండుతున్నాయి. ఆయన కళ్లు ఆ గుంట మీదే. నీళ్లు ఎక్కడ కనబడినా అంతే, బకెట్టైనా, కాలవైనా ఆగి వంగి చూడాల్సిందే. ఉబుసుపోక అడిగాను, "నత్తల మీద ఇంత ప్రేమేంటండీ మీకు?"

"నత్తల మీదా? నాకేటి ప్రేమ? సిన్నప్పుడు బుట్టలెక్కన ఏరుకుని కూరొండుకుని తిన్నోల్లమే."

"మరి?"

మోకాలి మీది టోపీ తీసి పక్కన పెట్టాడు. తర్వాత, "ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకున్నారు కదా బావా. అందులో మా ఊరూ ఎల్లిపోనాది. ఇల్లు పోనాది, పోనీ. కాలనీలో మల్లీ కట్టుకున్నాం. సెరువుని ఎక్కడ కట్టుకుంటాం సెప్పు? మట్టేసి కప్పెట్టీసినారు," అన్నాడు.

"చెరువుతో మీకంత పనేముందండీ?"

"గట్టు మీద మా పిల్లున్నాది."

నాకు అర్థం కాలేదు.

"మూడేల్ల ఆడగుంట. జొరమొచ్చి పోనాది. అంత సిన్నోల్లని కాల్చరు కదా, పాతెడతారు. తూరుపు గట్టు మీద ఎట్టినాం. మా ఆడది రోజూ నీల్లకెల్లేది, బిందె దించేది, ఆడ ఒక్క నిమిసం కూకునేది. పదకొండేల్లు అలగే. ఆకర్రోజు సామాన్లన్నీ లారీకెక్కినాయి, ఇది ఎక్కదు. లాగినా ఎక్కదు, తిట్టినా ఎక్కదు. పిల్లనొగ్గీసి రానంటాది. నానేటి సెయ్యను బావా? సెరువులోకి దిగీసినాను. ఆ గట్టు కిందే, సేతికందిన నత్తలన్నీ బిందెలో ఏసుకొచ్చి, 'ఇదిగో, ఈలు ఆ గట్టు మట్టి తిని పెరిగినోల్లు. ఈలు మనతో వత్తన్నారు, ఇంక ఎక్కు' అన్నాను. అప్పుడెక్కింది."

కాలనీలో బోరు నీళ్లు ఉప్పు. పెంచబోతే సగం చచ్చిపోయాయి. మిగిలినవాటిని గాజుతొట్టెలున్న ఇళ్లలో పంచిపెట్టాడు. అదీ సంగతి. ఇళ్లకి నత్తల్ని ఏరడం కాదు ఆయన చేస్తున్నది, నత్తలకి ఇళ్లని ఏరుతున్నాడు.

"ఇంకో చెరువులో వదిలెయ్యొచ్చు కదండీ?" అన్నాను.

"ఆడుండే నత్తల్లో కలిసిపోతే మావేయో ఎలగ తెలుస్తాది? పిల్లలున్నారా అని మా ఆడది అడిగితే నానేటి సెప్పాల?"

వాన వెలిసింది. నేను ఆ రోజు నుంచి ఆయన్ని అనుకరించడం మానేశాను. నోరు తెరిచి 'బావా' అని పిలిచింది కూడా అప్పుడే.

ఆరు ఇళ్లలో పెట్టాడట మొత్తం. ఒక ఇంట్లో తొట్టి పగిలింది. ఒకళ్లు బదిలీ అయి నీళ్లతో సహా కాలవలో పారబోశారు. ఒక ఇంట్లో తాబేలుని తెచ్చి వేసుకున్నారు, అది అన్నిటినీ నమిలేసింది. ఇలా ఒక్కొక్కటీ పోయి, ఒక ఆదివారం టీ గ్లాసు కింద పెడుతూ, "నీ ఇల్లొకటే మిగిలింది బావా," అన్నాడు. నేను ఛాతీ విరుచుకుని, "మీకెందుకు బావా, నేనున్నాను కదా," అన్నాను. ఎంత సులువుగా అనేశానో!

రెండు నెలలు తిరగలేదు, నా బంగారు చేపలకి జబ్బు చేసింది. ఒళ్లంతా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు. బావ వచ్చేదాకా ఆగి అడగాల్సింది. గోడౌనుకి నడిచివెళ్లి అడిగినా పోయేది. తొందరోణ్ణి కదా! దారిలో కలిసిన, చేపలు పెంచే ఒకతను, "మైలుతుత్తం చిటికెడు కలపండి, మూడు రోజుల్లో మాయం," అన్నాడు. కొట్లో కొనుక్కొచ్చి, ఆ నీలం రాయి నలిపి, చిటికెడు చాలదేమోనని రెండు చిటికెలు వేశాను.

చేపలు బతికాయి. చుక్కలు మాయమయ్యాయి. అతను చెప్పింది నిజమే.

నత్తలు మొదటిరోజే అద్దాలు విడిచి అడుక్కి పడిపోయాయి. ముడుచుకున్నాయిలే అనుకున్నాను. రెండోరోజు తలుపులు వేలాడిపోయాయి. మూడోరోజు వాసన. మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏం వేశారండీ అందులో? అన్నయ్యగారికి ఏం చెబుతారు?" అని ఏడుపు గొంతుతో అడిగింది. నేను ఆవిడ మీద కేకలేశాను. తప్పు చేసినవాడికి ఎప్పుడూ గొంతు పెద్దది. తర్వాత పద్నాలుగు నత్తల్నీ ఒక్కొక్కటే అరచేతిలో పెట్టుకుని ఊదాను. పద్నాలుగింటినీ. ఒక్కటీ తలుపు తియ్యలేదు. ఎలా తీస్తాయి? అయినా ఊదాను.

బావ రావడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. నిజం చెప్పి కాళ్ల మీద పడాల్సిన మనిషిని, బుద్ధి గడ్డి తిని, పెందుర్తి బస్సెక్కాను. అక్కడ ఒక చెరువులో పంట్లాం మడుచుకుని మోకాలి లోతు దిగాను. కోసుగా ఉన్నవే, ఆకుపచ్చవే, మూడు చారలవే, చిన్నా పెద్దా కలిపి సరిగ్గా పద్నాలుగు ఏరాను. తొట్టి కడిగి, నీళ్లు మార్చి, నాలుగు రోజులు ఆగి వేశాను. అచ్చం అవే! నాకే తేడా తెలియలేదు. ఎంత తెలివైనవాణ్ణో అనుకున్నాను.

ఆయన ఆదివారం వచ్చాడు. "అందరూ కులాసాయేనా?" అన్నాడు. గొంతుక్కూర్చున్నాడు. లెక్కపెట్టాడు. పద్నాలుగూ ఉన్నాయి. నేను తేలు కుట్టిన దొంగలా గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆయన చెయ్యి నీళ్లలో పెట్టి ఒక నత్తని బయటికి తీశాడు. అరచేతిలో పెట్టుకున్నాడు. ఊదబోయి ఆగాడు. బొటనవేలితో దాని కొనని నెమ్మదిగా తడిమాడు. అప్పుడు చూశాను నేను. కొన అరిగి, తెల్లగా ఉంది. నా తొట్టిలో పుట్టిన నత్తకి ఉండాల్సింది సూదిమొన. నేను తెచ్చింది చెరువు నత్త. పెందుర్తి చెరువు నీళ్లలోనూ కొనలు అరుగుతాయన్నమాట.

ఇంకోటి తీశాడు. తడిమాడు. ఇంకోటి. ఆ మూడోదాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకుని, కొత్తగా వచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు మెల్లగా అడిగాడు.

"ఏ ఊరే మీది?"

ఇప్పుడు నా వైపు తిరుగుతాడు, తిడతాడు, చొక్కా పట్టుకుంటాడు అని ఎదురుచూశాను. తిరగలేదు. మూడింటినీ జాగ్రత్తగా నీళ్లలోకి దించాడు. రుమాల్లోంచి పాలకూర ఆకు తీసి, ఎప్పటిలాగే వదిలాడు. గుడ్డుపెంకు నలిపి వేశాడు. మా ఆవిడ టీ తెచ్చింది. ఆయన గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ మాత్రం, నా ముఖం చూడకుండా, "ఈలని కూడా బాగా సూసుకో బావా," అన్నాడు.

ఈలని కూడా. తిట్టి ఉంటే ఆ తిట్టు ఎప్పుడో అరిగిపోయేది.

ఇంక రాడనుకున్నాను. వచ్చాడు. మరుసటి నెలా వచ్చాడు, ఆ పై నెలా వచ్చాడు. రెండేళ్లు వచ్చాడు. ఆకు తెచ్చేవాడు, లెక్కపెట్టేవాడు, టీ తాగేవాడు. గుమ్మంలో ఆ "అందరూ కులాసాయేనా" మాత్రం మళ్లీ ఎన్నడూ అడగలేదు. మా ఇంట్లో ఆదివారాలు ఎంత నిశ్శబ్దమైపోయాయో! చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. ప్రతిసారీ వచ్చే నెల చెబుదాంలే అనుకునేవాణ్ణి. ఆయనకి తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. మరి ఎందుకొస్తున్నాడో నాకు అంతుబట్టేది కాదు. నన్ను శిక్షించడానికే వస్తున్నాడని కొన్నాళ్లు ఆయన మీద కోపం కూడా తెచ్చుకున్నాను. మనిషి ఎంత నీచుడో చూడండి.

ఒక సోమవారం పొద్దున్న డ్యూటీకి వచ్చి, టోపీ మోకాలికి తగిలించుకుని, ఆ చెక్కపెట్టె మీదే ప్రాణం వదిలేశాడు. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. నాకు తెలిసేసరికి దహనం కూడా అయిపోయింది. కాలనీకి వెళ్లడానికి ముఖం చెల్లలేదు.

తొమ్మిదోరోజున మా గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడింది. నేనెప్పుడూ చూడని మనిషి. చెప్పులు బయట విడిచింది. "తమ్ముడా, నాను మీ బావ ఇంటిదాన్ని," అంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నేరుగా తొట్టి దగ్గరికి వెళ్లి, అచ్చం ఆయనలాగే గొంతుక్కూర్చుంది. అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి అడిగింది.

"అందరూ కులాసాయేనా?"

మా ఆవిడ గబుక్కున వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపలినుంచి ఏడుపు వినిపించింది. ఈవిడ దాన్ని బావ కోసమే అనుకుంది.

"ఏడవకమ్మా," అంది అటు తిరిగి. "ఇక్కడికి బయల్దేరినప్పుడల్లా ఈ మాటే సెప్పి పంపేదాన్ని తమ్ముడా. నానడిగినానని అడుగు అనేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి, కులాసాయేనంటన్నారే, పిల్లలెట్టినారంట అనేవోడు. ఆకరి నెల కూడా సెప్పినాడు. నీ ఇంట్లో మా సెరువు సల్లగా ఉన్నాదని."

అప్పటికి గాని ఆ రెండేళ్ల ఆదివారాలు నాకు అర్థం కాలేదు. నా తొట్టి ముందు ఆ మాట అడగడం ఆయన వల్ల కాలేదు. జవాబు మాత్రం నెలనెలా ఇంటికి మోసుకెళ్లాడు. నా అబద్ధాన్ని తన భుజానికెత్తుకుని, ఈవిడకి దించాడు. నా ముఖం చూసి కాదు, ఈవిడ ముఖం చూసి.

"రేపు పదోనాడు," అంది. "కాలనీ ఎనక గెడ్డ ఒడ్డున సేత్తారు. ఎక్కడి నీల్లో అవి. ఆ నీల్లలో ఆయనకి మనోల్లెవులూ ఉండరు. మా సెరువోల్లని ఒకల్నియ్యి తమ్ముడా. ఆయన్ని పిల్ల దగ్గరికి తోల్కెల్తారు."

"అక్కా," అన్నాను. నోటిదాకా వచ్చింది. "అక్కా, ఒక మాట చెప్పాలి. ఈ నత్తలు..."

ఆవిడ వినిపించుకునే స్థితిలో లేదు. నీళ్లలో చెయ్యి పెట్టి ఒకదాన్ని తీసింది. ఆ రెండేళ్లలో తొట్టిలో చాలా పుట్టాయి, అన్నీ సూదిమొనలవి. పెందుర్తి నుంచి తెచ్చిన వాటిలో ఒకే ఒక్క ముసలిది మిగిలింది. సరిగ్గా దాన్నే తీసింది. బొటనవేలితో కొన తడిమి, గట్టిగా అరిచింది.

"ఓలమ్మ! కొనరిగింది సూడు! ఇది మా సెరువులో పుట్టిందే! ఆయన తెచ్చిన డిప్పలు మూడూ ఇంట్లో దాసుకున్నాను తమ్ముడా, ఇలగే ఉంటాయి. సెరువులో పుట్టినోల్లు అందరూ పోనారనుకున్నాను. ఒకల్ని బతికించే ఉంచినావా! నాకు సెప్పనే లేదు సూడు మీ బావ!"

ఆయన్ని మోసం చెయ్యలేకపోయిన ఆ అరిగిన కొన ఆవిడకి సాక్ష్యమైపోయింది. మొదలుపెట్టిన మాట నేను పూర్తి చెయ్యలేదు.

మర్నాడు గాజుసీసా నేనే పట్టుకెళ్లాను. ఆయన మొదటిసారి మా ఇంటికి తెచ్చిన సీసాయే అది. కాలనీ వెనక గెడ్డ అంటే చిన్న వాగు, మోకాలి లోతు నీళ్లు. కర్మ అంతా ఆయన తమ్ముడి కొడుకు చేశాడు. అయ్యాక ఆవిడ నీళ్లలోకి దిగి, నా చేతిలోంచి సీసా అందుకుంది. నత్తని అరచేతిలో పెట్టుకుంది. గట్టు మీద వాళ్ల ఊరివాళ్లు పదిహేనుమంది ఉంటారు. ఒక ముసలాయన తలపాగా తీసేశాడు. మన చెరువుదట, మన చెరువుదట అని ఆడవాళ్లు ఒకళ్ల చెవిలో ఒకళ్లు చెప్పుకుంటున్నారు.

ఆవిడ 'హా' అని ఊదింది. ఎంతసేపటికీ తలుపు తీయలేదు. ఆవిడకి తొందర లేదు. అప్పుడు జరిగింది తలుపు. ఒక మీసం, రెండోది.

"నాన్నొచ్చీసినాడమ్మా," అంది దానితో. "సెయ్యట్టుకుని తోల్కెల్లు. నాను బేగి వచ్చెత్తాను."

నీళ్లలోకి వదిలింది. ఇంక మిగతావాటిని కూడా ఇక్కడే వదిలెయ్యమంది నన్ను. తండ్రీ కూతురూ కలిశాక, ఏ నత్తల్లో కలిసిపోయినా పరవాలేదట. సీసా కడిగి, పమిటతో తుడిచి నాకిచ్చింది. వయసులో నాకంటే ఎంతో పెద్దది. రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టింది.

"మా పిల్లని నువ్వే బతికించినావు తమ్ముడా," అంది.

ఊరంతా చూస్తుండగా, నేను ఆ దండం పెట్టించుకున్నాను.